వర్షచ్ఛాయా సీమలో ఇంటి కాఫీ

నైరృతి మేఘములు పడమటి కనుమల శిఖరముల నానుకొని తమ భారమునంతయు అచ్చటనే దింపివేసి, ఆ కొండల యొడిలోనున్న కొడగు, చిక్కమగళూరు తోటలను ఏటేట తనియించి, తూర్పునకు దాటునప్పటికి వట్టి గాలులై మిగులుటచేత, అనంతపురపు పీఠభూమి వర్షచ్ఛాయలో పడి, సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా కురియు వానతో, అదియును అదనునకు రాక, కాలము గడుపుచున్నది. ఏ కొండలు ఈ సీమకు వాన రాకుండ అడ్డుకొన్నవో ఆ కొండలపైననే, ఆ వానతోడనే, కాఫీ పండుచున్నది. నీటి రూపమున రాని ఆ వాన గింజ రూపమున బండ్లమీదను రైళ్లమీదను దిగివచ్చి, వేగి, పొడియై, ఇత్తడి పాత్ర యడుగున చుక్క చుక్కగా చేరి, పాలతో కలసి, నాలుగైదు గుక్కలు పట్టు గ్లాసులలో ఈ సీమవాసుల యుదయములను ఆక్రమించిన వృత్తాంతము, పెనుకొండ కోట చరిత్రమువలెను గుత్తి దుర్గపు చరిత్రమువలెను గ్రంథములకెక్కలేదు. వంటయింటి చరిత్ర గనుక ఇది చిన్నదని కొందరు భావింపవచ్చును. నేనట్లు భావింపను, కరవు నేలమీద మనుష్యులు నీటిని, పాలను, రూకలను ఏ కొలతతో వాడుకొనిరో తెలిసికొనుటకు ఇంటి కాఫీని మించిన సాక్ష్యము నాకు కనబడుటలేదు.

కాఫీ రాకకు పూర్వము ఈ పల్లెలలో ప్రాతఃకాలమున కడుపులోనికి పోవునది రాగి అంబలి, లేనియెడల మజ్జిగలో పిసికిన చద్దిసంగటి. సేద్యగాడు తెల్లవారకముందే దానిని త్రాగి పొలమునకు పోయెడివాడు. పాలు తోడువేయుటకును, నెయ్యి తీయుటకును గాని పాలుగా త్రాగుటకు కావు. పసిపిల్లలకును, బాలింతలకును, రోగులకును మాత్రమే ఆ యోగము. వేడివేడిగా త్రాగునవి మిరియాల కషాయము, శొంఠి కషాయము. అవి జలుబునకును జ్వరమునకును మందులు. ఆరోగ్యవంతుడైన మనుష్యుడు నిత్యము ఉదయమున పొగలు గ్రక్కు చేదు ద్రవమును కోరి త్రాగుట పెద్దలకు వింతగా తోచుటలో ఆశ్చర్యము లేదు.

పదునేడవ శతాబ్దిలో బాబా బుడన్ అను సూఫీ సాధువు మక్కా యాత్ర ముగించి వచ్చుచు, యెమెన్ దేశమునందలి మోఖా రేవునుండి ఏడు గింజలను దాచి తెచ్చి, చిక్కమగళూరు చెంతనున్న చంద్రద్రోణ పర్వతముపై నాటెనని ఐతిహ్యము. ఆ కొండ నేటికిని ఆయన పేరుననే వ్యవహరింపబడుచున్నది. పందొమ్మిదవ శతాబ్దిలో ఆంగ్లేయులు మైసూరు, కొడగు, నీలగిరి, వయనాడు అడవులను నరికి పెద్ద తోటలు వేసిరి. అయినను ఆ పంటలో హెచ్చుభాగము ఓడలెక్కి విదేశములకు పోయెడిదే గాని, కొండదిగి తూర్పు పల్లెలకు వచ్చినది కాదు. దానిని ఇచ్చటికి తెచ్చినది రైలు. మద్రాసు నుండి బయలుదేరి తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా పోవు మార్గము 1871లో రాయచూరువద్ద బొంబాయి మార్గముతో కలిసెను. ఐదేండ్లు గడచునంతలో ధాత కరవు ఈ దత్తమండలములపై పడి ఊళ్లకు ఊళ్లను పాడుపెట్టగా, ఆ పట్టాలమీదనే పరదేశపు ధాన్యము వచ్చి దిగెను. 1882లో అనంతపురము బళ్లారి నుండి విడివడి ప్రత్యేకమైన జిల్లా అయ్యెను. ఆ శతాబ్దము ముగియకముందే గుంతకల్లునుండి ధర్మవరము, హిందూపురముల మీదుగా బెంగుళూరునకు చిన్న రైలు నడువసాగెను. ఆనాటినుండి కాఫీగింజ ఈ సీమకు దూరదేశపు వస్తువు కాకపోయెను.

మైసూరు సంస్థానము ఈ జిల్లాకు ఇరుగు మాత్రమే కాదు. పావగడ తాలూకా దాదాపు అన్ని వైపులను అనంతపురపు నేలచే చుట్టబడి మైసూరునకు చెందియుండగా, మడకశిర తాలూకా మైసూరు నేలలోనికి చొచ్చుకొనిపోయి మద్రాసు రాజధానికి చెందియుండెను. పెండ్లిళ్లును, సంతలును, చదువులును ఈ సరిహద్దును లెక్కచేయలేదు. ఈ జిల్లాలోని రాళ్లపల్లి గ్రామమున జన్మించిన అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దములపాటు తెలుగు బోధించిరి. ఇట్టి రాకపోకలలో మైసూరువారి వంటయింటి యలవాట్లు తెలుగిండ్లలో చొరబడుట సహజము. మొదట దానిని పట్టుకొన్నవారు తహసీలు కచేరీ ఉద్యోగులు, వకీళ్లు, గుంతకల్లు రైలుశాఖవారు, 1916లో అనంతపురమున స్థాపితమైన దత్తమండల కళాశాల యుపాధ్యాయులు మున్నగువారు. అనగా గడియారము చూచి పనికి పోవువారు. సూర్యుని చూచి పనికి పోవువారికి అది చేరుటకు మరి యొక తరము పట్టెను. గాంధీమహాత్ముడు టీ, కాఫీలు శరీరమునకు అవసరములు కావని వ్రాసెను. ఆయన మాటపై ఖద్దరు కట్టినవారిలో సైతము ఈ యొక్క విషయమున ఆయనను అనుసరింపలేకపోయినవారు ఎందరో.

తొలితరము గృహములలో పొడి కొనుటకంటె గింజ కొనుటయే వాడుక. బెంగుళూరు బంధువుల చేతిసంచిలో వచ్చిన పచ్చగింజలను చేటలో పోసి, రాళ్లును నల్లగింజలును ఏరి, ఇనుప బాణలిలో సన్నని సెగపై చేయి విడువక కలియబెట్టుచు వేయించెడివారు. కలిగినవారి యిండ్లలో బొగ్గుల కుంపటిపై నిలిపి పిడితో త్రిప్పు ఇనుప గొట్టము ఉండెడిది. గడ్డివాసన గల ఆ గింజ మొదట పసుపువన్నెకు తిరిగి, పిదప గోధుమవన్నెకు వచ్చి, పైపొట్టు విడిచి చిటపటలాడును. ఆ చిటపట అణగిన కొలది నిమిషములలో దింపినచో కమ్మదనము దక్కును. ఏమరుపాటుచే మరికొంత నిలిపినచో నూనె పైకుబికి, నలుపెక్కి, చేదు తప్ప వేరు రుచి మిగులదు. దింపినను గింజ తన వేడిలో తాను వేగుచునేయుండును గనుక, వెంటనే చేటలో పరచి విసనకఱ్ఱతో విసరవలెను. చల్లారిన గింజను బల్లకు బిగించిన చేతిమరలో ఆ పూటకు కావలసినంతయే విసరుట నియమము. మర త్రిప్పుట పిల్లల పని. పరిమళము పొడిలో నిలువదనియు, గింజలోనైన కొంతకాలము నిలుచుననియు ఆ గృహిణులు ఎరుగుదురు. నేడు పెద్ద నగరములలో అపురూపమైన విద్యగా నేర్పబడుచున్న విషయములన్నియు ఈ పెరటి వసారాలలో శాస్త్రనామములు లేకుండ ఆచరింపబడినవే.

ఫిల్టరు నిర్మాణము అతి సరళము. రెండు పాత్రలు ఒకదానిపై నొకటి కూర్చుండును, పైదాని యడుగున సన్నని రంధ్రములు, పొడిపై అదుముటకు కాడగల ఒక చిల్లుల బిళ్ల, పైన మూత. పొడి వేసి, బిళ్లతో తేలికగా అదిమి, మరగిన నీటిని బిళ్లమీదుగా పోయవలెను. గట్టిగా అదిమినచో చుక్క దిగదు. వదులుగా విడిచినచో నీరు పరుగున దిగి డికాషను పలుచనగును. ఆ నడిమి కొలత చేతికి తెలియవలసినదే గాని మాటలలో చెప్పరానిది. రాత్రి పడుకొనబోవుముందు నీరు పోసి మూతపెట్టిన, కోడికూతకు అడుగు పాత్రలో చిక్కని డికాషను సిద్ధము. దానిని తిరిగి పొయ్యిపై కాచుట మహాపచారముగా ఎంచెడివారు. వేడి కావలసిన, పాత్రను వేడినీటిలో నిలుపుదురు. రంధ్రములు పూడినపుడు పై పాత్రను నిప్పులమీద కాల్చి, సూదితో పొడిచి, చింతపండుతో తోమెడివారు. సంవత్సరమునకొకమారు వీధివెంట వచ్చు కళాయివానిచే లోపల తగరము పూయించెడివారు.

ఈ డికాషనులో ఒక భాగము చికోరి. నెపోలియను కాలమున ఓడరేవులు మూతపడి కాఫీ కొరత ఏర్పడగా, ఐరోపావారు చికోరి మొక్క వేరును వేయించి పొడిచేసి కలుపుకొనిరి. ఆ యలవాటు ఆంగ్లేయులతో మనకు వచ్చెను. చికోరిలో కాఫీకి గల ఉత్తేజక ద్రవ్యము లేదు. కాని అది నీటిని పీల్చి ఉబ్బి, ధారను మందగింపజేసి, డికాషనుకు చిక్కదనమును నలుపును ఇచ్చును, కాఫీగింజకంటె చవుక. నేటి చట్టము నూటికి 49 పాళ్లవరకు దానిని కలుపుటకు అనుమతించుచున్నది. ఇది మోసమని కొందరందురు. పాలు హెచ్చుగాను పొడి తక్కువగాను ఉన్న యింట, అర చెంచా పొడితో నలుగురికి రుచి చూపవలసిన గృహిణికి ఇది మోసము కాదు, సదుపాయమని నా యభిప్రాయము. అసలు మోసము వేరు: చింతగింజల పొడిని, ఖర్జూరపు గింజల పొడిని కాఫీపొడిలో కలిపి అమ్ముట. ఇక చికోరి కలసినదో లేదో తెలియుటకు చల్లని నీటి గ్లాసులో చిటికెడు పొడి చల్లి చూచిన, కాఫీ కొంతసేపు పైన తేలియాడును. చికోరి రంగు చారలు విడుచుచు వెంటనే దిగిపోవును. కొన్న యంగడికి పోయి ఈ పరీక్షతో వర్తకుని నిలదీసిన ముత్తైదువులు హిందూపురము బజారున ఉండెడివారని పెద్దలు చెప్పుదురు.

ఇటలీలో ఇదే ఫలితమును తొందరగా పొందవలెనను కోరిక యంత్రములను పుట్టించెను. 1884లో ట్యూరిన్ నగరమున ఏంజెలో మొరియోండో ఆవిరితో కాఫీ దింపు యంత్రమునకు పేటెంటు పొందెను; ఇరువదవ శతాబ్దము మొదట మిలాను వాస్తవ్యుడు లుయీజీ బెజ్జేరా దానిని గ్లాసు గ్లాసునకు విడిగా దింపునట్లు సంస్కరించెను; అకీలే గాజియా 1948 నాటికి మీటతో నీటిని బలముగా ఒత్తు యంత్రమును తెచ్చి, పైన బంగారు వన్నె మీగడ తేలు ఎస్ప్రెసోకు రూపమిచ్చెను. తొమ్మిది వాతావరణముల పీడనమున ముప్పది సెకండ్లలోపల దిగు ఆ ద్రవమును, భూమ్యాకర్షణము తప్ప వేరు బలమెరుగక రాత్రియంతయు దిగు మన డికాషనును ప్రక్కప్రక్కన నిలిపి చూచిన, రెండింటి యుద్దేశమును ఒక్కటే యని తెలియును: కొద్ది నీటిలో హెచ్చు సారమును బంధించి, దానిని పాలతో విరిచి, చిన్న పాత్రలో త్రాగుట. ఆవిరి గొట్టముతో పాలు నురగించుటకు బదులు మనవారు గ్లాసునుండి దబరాకును, దబరానుండి గ్లాసుకును మూరెడెత్తున తిరగబోసిరి. ఆ ధారలో గాలి చిక్కుకొని నురగ కట్టును, పెదవి కాలనంతగా వేడి తగ్గును. ఇటలీవారు డబ్బుపెట్టి కొనుక్కొన్నది బలము. మనవారు వెచ్చించినది కాలము.

ఇక నీటి సంగతి. ఇది చెప్పక అనంతపురపు కాఫీని గూర్చి వ్రాయుట వ్యర్థము. ఇచ్చటి పల్లెలలో ఉప్పునీళ్ల బావి వేరు, మంచినీళ్ల బావి వేరు. గిన్నెలు తోముటకు, పశువులకు ఉప్పునీరు చాలును. పప్పు ఉడకవలెనన్న, కాఫీ దిగవలెనన్న మంచినీళ్లు కావలెను. సున్నపు పాలు గల నీటిలో కాఫీలోని సన్నని పులుపు చచ్చి, రుచి మొద్దుబారును. పాత్రయడుగున తెల్లని పెచ్చు కట్టును. అందుచేత ఊరిచివరి తియ్యని బావినుండి, వేసవిలో అది ఎండిన, చెరువు చెలమనుండి, నడుమున బిందెతో నడచి తెచ్చిన నీటిలో ఒక చెంబెడు కాఫీకని వేరుగా మూతపెట్టి ఉంచుట ఆచారమయ్యెను. ఆ నడక అంతయు స్త్రీలది. ఇంటి పురుషుడు వసారాలో కూర్చుండి కాఫీ బాగున్నదనియు బాగులేదనియు నిర్ణయించుచున్నంతసేపు, ఆ గ్లాసెడు ద్రవములోని నీటికి ఎవరి నడుము వంగినదో ఎవరును లెక్కవేసినవారు కారు. బోరుబావులు వచ్చిన తరువాత నీరు దగ్గరపడెను గాని, లోతు పెరిగినకొలది పెక్కు గ్రామములలో ఫ్లోరైడు దోషము కూడ పైకివచ్చెను. 1995 మొదలు పుట్టపర్తి సత్యసాయి సంస్థ పథకము 700కు పైగా గ్రామములకు త్రాగునీరు చేర్చుట ఈ జిల్లా వంటయిండ్ల చరిత్రలో మిక్కిలి పెద్ద సంఘటన. ఆ నీటితో దించిన మొదటి డికాషను రుచిని మరువలేదని చెప్పు వృద్ధురాండ్రు ఉన్నారు.

పాలును అంతే. వాన లేనియేట మేత లేదు. మేత లేనియేట పాడి లేదు. పశువులను కబేళాలకు తోలిన సంవత్సరములు ఈ సీమకు కొత్తవి కావు. 1952 నాటి కరవులో ప్రభుత్వము గంజికేంద్రములు తెరచి ప్రాణములు నిలిపెను; అట్టి యేడు కాఫీయను మాటకు తావెక్కడిది? అయినను అలవాటు పడిన యిండ్లలో అది పూర్తిగా మానలేదు; పాలు పోయి, నల్లని డికాషనులో బెల్లము వేసిన రూపమున నిలిచెను. హిందూపురము బెల్లపు విపణికి ప్రసిద్ధము గనుక చక్కెరకంటె బెల్లమే సులభము. పాలు ఉన్నప్పుడు సైతము బెల్లమును పొయ్యిమీది పాలలో వేయరు, విరుగును. డికాషనులో కరగించి, వడగట్టి, దింపిన పాలను పిదప కలుపుదురు. గొఱ్ఱెలు, మేకలు పెంచు కురుబల పల్లెలలో మేకపాలతో కాఫీ కలుపుకొనుటయు కలదు. దాని వాసన అలవాటు లేనివారికి కష్టము, అలవాటైనవారికి అదియే రుచి.

చిన్న గ్లాసు దక్షిణదేశమంతట నున్నదే. కావేరి తీరమున పాలు పొంగిపొరలు గ్రామములలోను కాఫీ చిన్న గ్లాసులోనే త్రాగుదురు. కాని అచ్చట అది రుచికొరకైన మితము. ఇచ్చట అది లభ్యమైనదానిని పంచుకొను మితము. అతిథి వచ్చినపుడు ఇంటివారికి కలిపిన కాఫీలోనుండి ఒక గ్లాసు తీసి, మిగిలినవానిని మరికొంచెము తగ్గించి అందరికి సరిపెట్టుట ఈ సీమ గృహిణికి చిన్ననాటి విద్య. హోటలులో ఉగ్గాని, బజ్జీ తిన్న ఇద్దరు మిత్రులు ఒక్క కాఫీ చెప్పి రెండు గ్లాసులలో పోయించుకొను 'వన్ బై టూ' పద్ధతి బెంగుళూరు నుండి హిందూపురము, అనంతపురముల వరకు వ్యాపించి, ఎవరికిని నామోషీ కలిగింపని మర్యాదగా స్థిరపడుటకు ఇదియే కారణమని నా నమ్మకము.

పంచుకొనుటకు సరిహద్దులుండెను, ఆ మాట దాచుట చరిత్రకారునకు తగదు. 1924లో బెంగుళూరున మైయ్య సోదరులు స్థాపించి తరువాత ఎం.టి.ఆర్.గా ప్రసిద్ధిచెందిన సంస్థ తొలి నామము బ్రాహ్మణ కాఫీ క్లబ్బు. ఆ కాలపు హోటళ్లలో కులమునుబట్టి వేరు గదులుండుట సాధారణము. పెదవి తగులకుండ ఎత్తి పోసికొనుటకు అనువుగా గ్లాసునకు అంచు పెట్టుట వెనుక ఎంగిలి భయమున్నది. ఎంగిలి భయము వెనుక కులమున్నది. పల్లెలలో దళితులకు వేరు గ్లాసు పెట్టి, త్రాగినవారే కడిగి బోర్లించిపోవలెనను రెండు గ్లాసుల పద్ధతి స్వాతంత్ర్యము వచ్చి రాజ్యాంగము అస్పృశ్యతను నిషేధించిన పిదపను చిరకాలము నడచెను. పొలములో కూలిచేసిన చేతులు ఆ యింటి చూరునందలి సత్తు గ్లాసును తీసి పట్టుకొని దూరమునుండి పోయించుకొనిన కాఫీ కూడ ఇంటి కాఫీయే. దాని రుచిని గూర్చి ఎవరును పొగడి వ్రాయలేదు.

రెండవ ప్రపంచయుద్ధమున ఐరోపా విపణులు మూతపడి గింజ కొనువారు లేకపోగా, 1942 నాటి చట్టముతో కాఫీ బోర్డు బలపడి, తోటల పంటనంతయు ఉమ్మడి రాశిగా సేకరించి స్వదేశమున వాడుక పెంచుటకు పూనుకొనెను. విదేశములకై పండించిన గింజ అట్లు మనవారి వంటయిండ్లకు మఱింత చేరువయ్యెను. 1975లో బ్రెజిలు దేశమున మంచు పట్టి తోటలు మాడగా లోకమంతట ధర మండెను. ఎక్కడి మంచు, ఎక్కడి అనంతపురము! తొంబదుల నడుమ ఉమ్మడి సేకరణ రద్దయ్యెను. ఇంతలో టీ, దుమ్ముపొడి రూపమున కాఫీకంటె చవుకగా వచ్చి, పొలము గట్లమీదను బస్సు స్టాండులలోను గెలిచెను. సీసాలలోను పొట్లములలోను వచ్చిన ఇన్‌స్టంట్ పొడి, ఫిల్టరును అటకెక్కించెను. పెండ్లిండ్లలో రాగి బాయిలరుతో బుస్సుమని ఆవిరి వదలి, నురగపై చాక్లెట్ పొడి చల్లి యిచ్చు 'ఎక్స్‌ప్రెసో' ఒక తరమునకు వైభవచిహ్నమయ్యెను. అందు ఇటలీ యంత్రపు పీడనము లేదు, ఇత్తడి ఫిల్టరు ఓర్పును లేదు.

ఇటీవల బెంగుళూరు, హైదరాబాదు కొలువులనుండి సెలవులకు వచ్చు పిల్లలు చిన్న ఎస్ప్రెసో యంత్రములను తెచ్చి తల్లిదండ్రుల వంటయింట పెట్టుచున్నారు. తెలుగునేలపైననే పండిన అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించెను. గిరిజన రైతులు పండించిన ఆ గింజ ఆ యంత్రములలో దిగుచున్నది. ఇది సంతోషింపదగిన విషయమే. యంత్రము వచ్చినదని వగచుటకు కారణము లేదు. పాత పరికరముతోపాటు దానిని వాడినవారి జ్ఞాపకము కూడ పోవుచున్నదని మాత్రము వగవవలెను.

2022లో అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడివడిన ఈ సీమవారెవరైన ఈ వ్యాసము చదువుచున్నయెడల వారికి నా ప్రార్థన యిది. అటకమీది ఇత్తడి ఫిల్టరును, తుప్పుపట్టిన చేతిమరను పాతసామాను వర్తకునికి తూకమునకు అమ్మవలదు. ఇంటనున్న వృద్ధురాలివద్ద కూర్చుండి, గింజ ఎక్కడ కొనెడివారో, ఏ బావి నీరు వాడెడివారో, పాలు లేని యేండ్లలో ఏమి చేసిరో, ఎవరికి ఏ గ్లాసులో పోసెడివారో అడుగుడు. కడపటి ప్రశ్నను జంకక అడుగుడు. ఆమె చెప్పినది చెప్పినట్లు, ఊరు పేరును, జ్ఞాపకమున్నంతవరకు సంవత్సరమును వేసి, ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచుడు.